బేసి వలయం

ఆ సాయంకళాశాలలో పరీక్షల విభాగమంటే రెండవ అంతస్తున మెట్లు ఎక్కగానే ఎదురుపడే ఇరుకు గది. ఉన్న ఒక్క కిటికీ సగం వరకే తెరుచుకొనేది. ఎదురెదురు గోడలకు రెండు పెద్ద అట్టపలకలు బిగించి ఉండేవి. మొదటి పలక మీద ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క గుండుసూది. ఏ రెండు పరీక్షలనైనా ఒకే మనిషి రాయవలసి ఉంటే ఆ రెండు సూదుల నడుమ ఒక నల్లదారం. దారంతో కలిసిన సూదులకు ఒకే రంగు తల ఉండరాదు. రంగు అంటే అక్కడ ఒక సాయంత్రం. ఒకే సాయంత్రం ఒక మనిషి రెండు పరీక్షలకు కూర్చోలేడు. రెండవ పలక మీద ఎడమవైపు అధ్యాపకులు, కుడివైపు గదులు, నడుమ పర్యవేక్షణ విధులు. అక్కడ రంగు సూదిది కాదు, దారానిది. ఒకే రంగు దారాలు రెండు ఒక అధ్యాపకుని దగ్గర కలిస్తే ఆ మనిషి ఒకేసారి రెండు గదులలో ఉండవలసి వస్తుంది. ఒక గది దగ్గర కలిస్తే ఇద్దరు కాపలాదారులు పక్కపక్కన కూర్చొని కబుర్లు చెప్పుకొంటారు.

గణితం తెలిసినవారు ఇటువంటి అల్లికను గ్రాఫు అంటారు. సూదులు శీర్షాలు, దారాలు అంచులు. శీర్షాలకైనా అంచులకైనా ఎంత తక్కువ రంగులతో పని గడుస్తుందన్నదే ఆ శాస్త్రం అడిగే ప్రశ్న. ఆ కళాశాలలో దానికి జవాబు చెప్పగలవాడు ఒక్కడే. చిరకాలం గణితం బోధించి, ఆపైన పరీక్షల అధికారిగా కుదురుకొన్న ఆ పెద్దమనిషిని ఎదుట అందరూ రంగుల మాస్టారు అనేవారు; చాటున సాలీడు అనేవారు. ఆయనకు రెండు పేర్లూ తెలుసు. రెండవదే వాస్తవానికి దగ్గరగా ఉన్నదని ఒకనాడు అటెండరుతో స్వయంగా అని, వాడి ముఖం పాలిపోవడం చూసి తృప్తి పడ్డాడు.

ఆ ఏడాది తుది పరీక్షలకు ముందు ప్రిన్సిపాల్ ఆయనను పిలిపించాడు. కుర్చీని అటూ ఇటూ తిప్పుకొంటూ మాట్లాడడం ప్రిన్సిపాల్‌కు అలవాటు. వినేవారి మెడ కూడా దానితోపాటు తిరగవలసి వచ్చేది. పెద్ద హాలు పైకప్పు బాగుచేయిస్తున్నారు. మేస్త్రీ మూడు సాయంత్రాలకు మించి హాలు ఖాళీ చేసి ఇవ్వలేనని తెగేసి చెప్పాడు.

“మూడిట్లో సర్దేయండి మాస్టారూ. మీవల్ల కాదంటే మొహమాటపడకండి. పక్క కాలేజీ వాళ్ళు ఏదో సాఫ్ట్‌వేర్ వాడుతున్నారట, అదే తెప్పిద్దాం.”

ఆయన మెట్లు ఎక్కి వచ్చి, గది తలుపు మూసి, పలక మీద ఉన్న పాత సూదులన్నీ పెరికి డబ్బాలో పోశాడు.

పరీక్షలు ఆరు. భాష అందరికీ తప్పదు. దానికి తోడు ప్రతివారూ రెండేసి శాస్త్రాలు ఎన్నుకొన్నారు. భాష సూదిని నడిమధ్య గుచ్చి ఎర్రతల తొడిగాడు. అన్నింటితోనూ దానికి ముడి ఉన్నది గనుక ఆ ఎరుపు ఇక మరి దేనికీ పనికిరాదు. మిగిలిన ఐదూ దాని చుట్టూ వలయంగా నిలిచాయి: జీవశాస్త్రం, రసాయనం, భౌతికం, గణాంకం, భూగోళం, భూగోళం నుంచి మళ్ళీ జీవశాస్త్రం. ఆయన చేతిలో ఉన్న రంగులు నీలం, ఆకుపచ్చ. జీవశాస్త్రానికి నీలం, రసాయనానికి ఆకుపచ్చ, భౌతికానికి నీలం, గణాంకానికి ఆకుపచ్చ, భూగోళానికి నీలం పెట్టాడు. ఆ చివరి నీలం, దారం వెంట వెళ్ళి మొదటి నీలాన్నే తగులుకొన్నది. వలయంలో ఉన్న సూదులు సరిసంఖ్య అయితే రెండు రంగులు వంతులవారీగా ఇమిడిపోతాయి. బేసి అయితే ఎక్కడో ఒకచోట ఒకే రంగు రెండు పక్కపక్కన పడి తీరుతుంది. ఎవరు కూర్చున్నా, ఎన్నిమార్లు కూర్చున్నా అంతే. నాలుగవ రంగు కావాలి, అంటే నాలుగవ సాయంత్రం కావాలి.

ఆ పలక మీద దారాలన్నీ ఒకే మందం. ఒక దారం వెనుక వందమంది ఉండవచ్చు, ఒక్కరే ఉండవచ్చు. గ్రాఫుకు ఆ తేడాతో పని లేదు. ఆయనకు మాత్రం ఆనాడు పని పడింది. వలయంలోని ఒక్కొక్క దారం వెనుక ఎవరెవరున్నారో అటెండరు చేత చదివించుకొన్నాడు. నాలుగింటి వెనుక తరగతులకు తరగతులే ఉన్నాయి. భూగోళానికీ జీవశాస్త్రానికీ నడుమ ఉన్నది ఒక్క మనిషి. అటెండరు పేరు చదవబోయి ఆగిపోయాడు.

“మన అమ్మాయేనండీ,” అన్నాడు మెల్లగా.

ఆయన మేనకోడలు. ఆయన ఆ దారాన్ని వేలితో ఒకసారి పైకి లాగి వదిలాడు. చూస్తున్న అటెండరుకు ఆయన విచారిస్తున్నట్లు అనిపించలేదు. వెతుకుతున్న వస్తువు సొంత జేబులోనే దొరికినవాడివలె ఉన్నాడు.

ఆయన అక్క కుటుంబం ఏనాటి నుంచో ఆయన ఇంటి వెనుక రెండు గదులలో ఉండేది. బావ పోయిన తరువాత కూడా అక్కా, ఆమె కూతురూ అక్కడే ఉండిపోయారు. వంట అక్కది, ఇల్లు ఆయనది. మేనకోడలు చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆయన భోజనాల బల్ల మీద బొత్తాలు పరచి, వాటి మధ్య ఊలుదారాలు కలిపి, ఎన్ని రంగులు చాలునో చెప్పమనేవాడు. ఆ పిల్ల కంచంలో అన్నం చల్లారిపోతున్నా లేచేది కాదు. ఆయనకంటె ముందుగా జవాబు చెప్పిన రోజున ఆయన మెచ్చుకోలేదు. మరునాడు అంతకంటె చిక్కైన అల్లికను పరిచాడు. ఆయన మెచ్చుకోలు ఆ రూపంలోనే ఉండేది. తన తరువాత తన పనిని ముందుకు తీసుకుపోగల మనిషి ఇంట్లోనే పెరుగుతున్నదని నమ్మాడు.

తండ్రి మంచాన పడిన ఏడాది ఆ పిల్ల చదువు మానేసి నీటి పరీక్షల ప్రయోగశాలలో సీసాలు కడిగే పనికి కుదిరింది. పని మానుకొమ్మని, తానే పోషించి గణితం చదివిస్తానని ఆయన అన్నాడు. “ఎన్నాళ్ళు పెడతారు మామయ్యా?” అని ఆమె అడిగింది. అమాయకంగా అడిగినదే, ఆయన మాత్రం ఆ మాటను క్షమించలేదు. చాలా ఏళ్ళకు ఆమె అదే సాయంకళాశాలలో చేరి, గణితం వంక కూడా చూడకుండా జీవశాస్త్రమూ భూగోళమూ తీసుకొన్నది. నీటిలో ఏ పురుగు ఉన్నదో, అది ఏ వాగు వెంట వచ్చిందో రెండూ చెప్పగలవారికే ప్రయోగశాలలో ఇన్‌స్పెక్టరు పదవి ఇస్తారు. పదవి ఖాళీగా ఉన్నది. రెండు శాస్త్రాలలోనూ ఉత్తీర్ణత కావాలి. వయోపరిమితి ఆమెకు ఆ ఏడాదితో ముగిసిపోతుంది. తోడి పనివాళ్ళు ఇప్పటికే ఆమెను ఇన్‌స్పెక్టరమ్మా అని పిలిచి, సీసాలు తళతళ మెరుస్తున్నాయో లేదో చూసిపొమ్మని ఆటపట్టించేవారు. కప్పల కడుపులూ నదుల పేర్లూ అని మాత్రమే ఆయన ఆమె చదువును ప్రస్తావించేవాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన, చారు కలుపుకొంటూ, పెరుగు ఇటివ్వమన్నంత మామూలుగా చెప్పాడు.

“నువ్వు రెండు పేపర్లలో ఒకటి వదులుకోవాలి. జీవశాస్త్రమో, భూగోళమో. ఏదైనా పరవాలేదు, దారం తెగితే చాలు.”

“వదులుకుంటే ఉద్యోగం రాదు మామయ్యా. రెండూ ఉండాలి.”

“వచ్చే ఏడు రాయి.”

“వచ్చే ఏడు నాకు వయసు దాటిపోతుంది. అది మీకు తెలుసు.”

“నాకు తెలుసు. గ్రాఫుకి తెలీదు.”

ఆమె నవ్వింది. “దానికి తెలీదని మీకు తెలుసుగా. మీరే చెప్పండి దానికి.”

అక్క గరిటె పట్టుకొని ఎవరికి వడ్డించాలో మరిచి నిలబడిపోయింది. ఆయన ఓపికగా, తరగతిలో వెనుక బల్లకు వివరించినట్లు వివరించాడు. బేసి వలయానికి రెండు రంగులు చాలవన్నది తన ఇష్టాయిష్టాలతో తేలేది కాదు. కళాశాల అంతటికీ ఒక సాయంత్రం అదనంగా కావలసి వస్తే, ఆ అదనానికి కారణం ఎవరని ఎవరైనా అడుగుతారు. పరీక్షల అధికారి మేనకోడలు అని అటెండరు చెప్తాడు. ఆ మాట తాను పడడు. ఒక పేపరు రాసిన వెంటనే, రెండవదాని ప్రశ్నలు ఎవరూ చెప్పకుండా తనను గదిలో పెట్టి తాళం వేసి, మరునాడు పొద్దున్నే రెండవది రాయించవచ్చు కదా అని ఆమె అడిగింది. రాత్రంతా కాపలా ఎవరుంటారు, మీ అమ్మా, అన్నాడాయన. అని, తన చతురోక్తికి తానే కొంచెం నవ్వుకొన్నాడు.

అక్కకు గ్రాఫుల సంగతి తెలియదు గాని తమ్ముడి గొంతు తెలుసు. గిన్నెలు తోముతూ కూతురికి నచ్చజెప్పబూనింది. తలదాచుకొన్న చోటు, మందులకూ మాకులకూ ఆదుకొన్న చేయి, ఈ వయసులో మళ్ళీ అద్దెగది వెతుక్కొనే ఓపిక తనకు లేకపోవడం, ఒకదాని తరువాత ఒకటిగా అన్నీ చెప్పింది.  చివరకు ఊరడింపుగా, “ఉన్న పని పోవట్లేదు కదే. సీసాలు కడగడం నీకేమన్నా కొత్తా?” అన్నది.

కూతురు చేతిలోని గిన్నెను రెండవసారి కడిగి బోర్లించింది.

మరునాడు తరగతులకు ముందు ఆమె పరీక్షల విభాగానికి వచ్చింది. సీసాలు కడిగే సోడాకు పగిలిన వేళ్ళతో డబ్బాలోనుంచి ఒక సూది తీసి, ఆయనను అడగకుండానే పలక మీద భూగోళం పక్కన గుచ్చింది.

“ఏమిటది?” అన్నాడాయన.

“రెండో భూగోళం.”

“ఒక శాస్త్రానికి ఒకటే సూది.”

“ఒక పేపరుకి ఒక సూది అని మీరే నేర్పారు. ఇది వేరే పేపరు. నేనొక్కదాన్నే రాస్తాను.” ఆమె మొదటి భూగోళం నుంచి జీవశాస్త్రానికి వెళ్ళే దారం చూపించింది. “ఇది విప్పేసి కొత్తదానికి కట్టండి. పాత భూగోళానికి ఇక జీవశాస్త్రంతో పని లేదు, వలయం విడిపోతుంది. కొత్తదానికి దారాలు రెండే: భాషకొకటి, జీవశాస్త్రానికొకటి. ఎరుపు కాదు, నీలం కాదు. ఆకుపచ్చ ఖాళీగానే ఉంది.”

ఆయన లేచి పలక దగ్గరకు నడిచాడు. రసాయనమూ గణాంకమూ జరిగే ఆకుపచ్చ సాయంత్రాన ఆమె వేరొక గదిలో తన భూగోళం తాను రాసుకొంటుంది. రంగులు మూడే. ఎవరూ దేనినీ వదులుకోనక్కరలేదు. కావలసినది రెండవ ప్రశ్నపత్రం మాత్రమే. అది తయారుచేయడానికి భూగోళం అధ్యాపకుడు అప్పటికే ఒప్పుకొన్నాడు. ఆ యువకుడు నియామకం ఖాయం కాకుండా ఏడాదికేడాది పనిచేస్తున్నవాడు. ఎక్కడికి వెళ్ళినా చంకలో పటాల పుస్తకంతో కనిపించేవాడు గనుక అందరూ అట్లాసు అనేవారు.

ఆయన ముడి స్వయంగా విప్పాడు. కొత్త సూదికి కట్టాడు. దూరంగా వెళ్ళి చూశాడు, దగ్గరకు వచ్చి చూశాడు. ఆ కాసేపు ఆ గదిలో పరీక్షల అధికారి గాని, ఆయన పరువు గాని, ప్రిన్సిపాల్ సాఫ్ట్‌వేరు గాని లేవు. ఒక చక్కని ఆలోచనా, దానిని చక్కనిదని గుర్తించగల ఇద్దరు మనుషులూ ఉన్నారు. ఆమె అది గమనించింది. చిన్ననాడు బల్ల దగ్గర ఎదురుచూసినట్లే ఎదురుచూసింది.

“శీర్షాన్ని చీల్చావు,” అన్నాడాయన.

“చీల్చాను.”

“ఎప్పుడు తట్టింది?”

“పొద్దున, సీసాలు కడుగుతుంటే. అక్కడ బుర్రకి పనుండదుగా.”

ఆయన చేతులు వెనక్కి కట్టుకొన్నాడు. ఏ పనికోసం ఆమె గణితాన్ని వదులుకొన్నదో ఆ పనిలో ఉండగానే, తనకు రాత్రంతా తోచనిది ఆమెకు తోచింది. అది కూడా తన పలక మీద, తాను కుదరదని తేల్చిన చోట. “సరే, ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను. వెళ్ళు, తరగతికి వేళవుతోంది,” అన్నాడు.

ప్రిన్సిపాల్ ఎదుట ఆయన, “శీర్షాన్ని చీల్చాను,” అని చెప్పాడు. ప్రిన్సిపాల్‌కు అర్థం కాలేదు గాని మూడు సాయంత్రాలే అని అర్థమైంది. కుర్చీ తిప్పడం ఆపి, ఇది ఏ సాఫ్ట్‌వేరుకు తడుతుందండీ అని, ఆయన చేతిని రెండు చేతులా పట్టుకొని ఊపాడు. రెండవ పలక మీద కూడా పని సులువుగానే తెమిలింది. భాష బోధించే అధ్యాపకురాలికి ఆకుపచ్చ సాయంత్రం దారమేదీ లేదు. ఆమె సూది నుంచి పాత సామాను గదికి ఒక ఆకుపచ్చ దారం కట్టాడు. ఇంటి దగ్గర అక్క కాఫీ తెచ్చి ఇచ్చి, తన తమ్ముడు పైకి అలా ఉంటాడు గాని మనసు వెన్న అని కూతురితో అన్నది. కూతురు కాదనలేదు. ఆ వారమంతా ఆమె పుస్తకం ముందు పెట్టుకొనే అన్నం తిన్నది.

నియమాల ప్రకారం ప్రతి ప్రశ్నపత్రాన్నీ పరీక్షల అధికారి చూసి ఆమోదించాలి. అట్లాసు రెండవ భూగోళాన్ని పట్టుకొని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆయన మొదటి పత్రాన్నీ దీనినీ పక్కపక్కన పెట్టి, ఒక ప్రశ్న తరువాత ఒక ప్రశ్నగా వేలు కదుపుతూ చదివాడు.

“సమానంగా ఉన్నాయి,” అన్నాడు.

“అవునండీ. దానికోసమే చాలా తంటాలు పడ్డాను.”

“సమానం చాలదు.”

 ఆయన వాదన క్రమబద్ధంగా సాగింది. తక్కినవారందరిదీ ఒకే పత్రం; దాని మీద ఎవరికీ అనుమానం రాదు. ఒక్క అభ్యర్థికి మాత్రం ప్రత్యేక పత్రం. ఆమోదించినవాడు ఆమె మేనమామ. రెండూ సమానమని ఆయన చెప్పినా లోకం తేలికైనదనే అంటుంది. కాబట్టి లోకం నోరు మూయాలంటే అది సమానంగా ఉండకూడదు, కష్టంగా ఉండాలి. చూడగానే కష్టమని తెలియాలి. ఆయనకు ఈ వాదనలో ఎక్కడా తప్పు కనిపించలేదు. గ్రంథాలయం నుంచి తెప్పించి పెట్టుకొన్న లావుపాటి పుస్తకం తెరిచి, అట్లాసు రాసిన ప్రశ్నలు ఒక్కొక్కటే కొట్టివేస్తూ, వాటి స్థానంలో దానిలోనివి తన భాషలోకి మార్చి రాసుకుపోయాడు.

“మాస్టారూ, ఇవి పై చదువుల వాళ్ళవండీ. మన పాఠాల్లో ఇవి లేనే లేవు.”

“భూగోళంలో ఉన్నాయా, లేవా?”

“భూగోళంలో ఉన్నాయి గానీ...”

“అయితే ఇది భూగోళం పేపరే.”

అట్లాసు పటాల పుస్తకాన్ని ఒక చంకలోనుంచి మరొక చంకలోకి మార్చుకొన్నాడు. “ఆ అమ్మాయికి ఇదే ఆఖరుసారండీ. ఇది తప్పితే ఇక లేదు.”

ఆయన కలం ఆపి తల ఎత్తాడు. “ఆ అమ్మాయి సంగతులు మీకు బాగానే తెలిసినట్టున్నాయే. ఆవిడొక్కదానికోసం ప్రత్యేకంగా పేపరు రాసిపెడతానని ముందుకొచ్చింది కూడా మీరే కదూ. ఎందుకొచ్చారని ప్రిన్సిపాల్ అడిగితే ఏం చెప్పమంటారు?”

వారిద్దరి నడుమ అటువంటిదేమీ లేదు. అట్లాసుకు ఇంట్లో భార్య ఉన్నది, ఆ నెలలోనే కదలవలసిన నియామకం కాగితాలు ప్రిన్సిపాల్ బల్ల మీద ఉన్నాయి. ప్రశ్నపత్రం తయారుచేసినవాడిగా సంతకం చేయమని ఆయన చూపిన చోట సంతకం చేసి, వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా మూశాడు.

ఎరుపు సాయంత్రం భాష, నీలం సాయంత్రం జీవశాస్త్రం గడిచాయి. జీవశాస్త్రం రాసి వచ్చిన ఆమె వీధి మలుపు నుంచే తల్లికి చేయి ఊపింది. ఆకుపచ్చ సాయంత్రం పాత సామాను గదిలో కూర్చున్నది. కాళ్ళు విరిగిన కుర్చీలు గోడవారగా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైకప్పు పని సున్నపు దుమ్ము బల్ల మీద పలచగా పరుచుకొని ఉన్నది. ఆమె చీర కొంగుతో బల్ల తుడుచుకొని, కలాలు వరుసగా పెట్టుకొన్నది. భాష అధ్యాపకురాలు కవరు చించి కాగితం చేతికిచ్చింది.

ఆమె మొదటి నుంచి చివరి వరకు చదివింది. వెనక్కి తిప్పి చూసింది. వెనుక ఏమీ లేదు. మళ్ళీ మొదటి ప్రశ్నకు వచ్చింది. ‘నిర్దుష్టముగా ప్రతిపాదింపుము. ఉదాహరణములు అంగీకరింపబడవు.’ అట్లాసు తరగతిలో ఉదాహరణ లేకుండా ఒక్క మాట చెప్పినవాడు కాదు. ఈ భాషను ఆమె పాఠాలలో ఎన్నడూ వినలేదు. భోజనాల బల్ల దగ్గర విన్నది.

“టీచర్, ఇది నా పేపరేనా?” అని అడిగింది.

అధ్యాపకురాలు కవరు తిప్పి పేరు చూసి, ఆప్యాయంగా తల ఊపింది. “నీదేనమ్మా. నీ ఒక్కదానికే. ఇంకెవ్వరికీ లేదు.”

ఆమె రాయడం మొదలుపెట్టింది. అడిగినది తెలియనప్పుడు తెలిసినది రాసింది: తాను సీసాలు ముంచి నీరు తెచ్చిన వాగులు ఎక్కడ పుడతాయో, ఏ రాతినేల మీద ఏ రంగు తిరుగుతాయో, వాన వెలిసిన తరువాత ఏవి ఎన్నాళ్ళు మురికిగా ఉంటాయో. అవన్నీ ఉదాహరణలే. పరీక్ష సగం గడిచాక తలుపు అద్దం వెనుక పరీక్షల అధికారి వచ్చి నిలిచాడు. బంధువులు గదిలోకి రాకూడదన్న నియమం ఉన్నది గనుక లోపలికి రాలేదు. ఆమె తల ఎత్తి ఆయనను చూసింది, చూపు దించుకోలేదు. ఆయన గడియారం చూసుకొని, గోడ మీద అతికించిన గది సంఖ్య సరిగా ఉన్నదో లేదో పరీక్షించి, తరువాతి గదికి వెళ్ళిపోయాడు.

ఫలితాలలో జీవశాస్త్రానికి కళాశాల మొత్తంలో ఆమెదే మొదటి స్థానం. భూగోళం తప్పింది. దిద్దినవాడు అట్లాసే, వాగుల గురించి రాసినదానికి ఇవ్వగలిగినంతా ఇచ్చాడు, అయినా చాలలేదు. ఆ వారమే అధ్యాపకుల సమావేశంలో ప్రిన్సిపాల్ రంగుల మాస్టారును కొనియాడి, ఆ కిటుకేమిటో నలుగురికీ చెప్పమన్నాడు. ఆయన మొదటి పలకను కిందికి మోయించుకొని వచ్చి, బేసి వలయాన్నీ, చీలిన శీర్షాన్నీ చూపించి, తడబాటు లేకుండా ఉపన్యసించాడు. చప్పట్లు కొట్టారు. ఇంతకూ ఆ అభ్యర్థి గట్టెక్కిందా అని భాష అధ్యాపకురాలు అడిగింది. ఆ ప్రశ్న గ్రాఫు పరిధిలోకి రాదని ఆయన చెప్పాడు. అది చమత్కారమనుకొని కొందరు నవ్వారు. అట్లాసు తన బూట్ల వంక చూసుకొన్నాడు.

ప్రయోగశాలలో పదవికి వేరొకరిని తీసుకొన్నారు. తోడివాళ్ళు ఆమెను పేరు పెట్టి పిలవసాగారు.

ఆ కబురు వచ్చిన సాయంత్రం ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. అక్క వడ్డిస్తూ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నది. మేనకోడలు, కంచంలోనుంచి చూపు తిప్పకుండా అడిగింది.

“మామయ్యా, మూడో ప్రశ్నకి జవాబేమిటి?”

“ఏ మూడో ప్రశ్న?”

“నా పేపర్లో. మీరు పెట్టింది.”

ఆయన బుకాయించలేదు, అబద్ధమాడడం ఆయన స్వభావంలో లేదు. “అది భూగోళం వాళ్ళ పని. నాకెందుకు తెలియాలి?”

“తెలీకుండానే పెట్టారా?”

“కష్టమైనదని తెలుసు. దానికి అదే చాలు.” మెతుకులు దగ్గరకు చేర్చుకొని ముద్ద కట్టాడు. “నా మేనకోడలికి తేలిక పేపరిచ్చానని ఒక్క మనిషైనా అన్నాడేమో కనుక్కో. ఒక్కడంటే ఒక్కడు అనలేదు.”

ఆమె చేయి కంచంలోనే ఉన్నది గాని కదలడం లేదు. ఆయన భోజనం ముగించి, నీళ్ళు తాగి, కుర్చీ వెనక్కి జరిపాడు. సమావేశంలోని చప్పట్లు గుర్తుకు వచ్చినందువల్ల కాబోలు, లేవబోయి ఆగి, ఆ పిల్ల చిన్ననాటి నుంచి ఏనాడూ ఆయన నోట వినని మాట అన్నాడు.

“ఏమైనా ఆ చీల్చడం మాత్రం చాలా బాగుంది. అందరికీ నచ్చింది. నువ్వు లెక్కల్లోనే ఉండాల్సింది.”

ఆ రోజంతటిలో అక్క ముఖం మొదటిసారిగా తేటపడింది. కూతురి కంచంలోకి మరొక గరిటె వడ్డిస్తూ, భుజం మీద మెల్లగా తట్టింది.

“విన్నావా,” అన్నది, “మామయ్య నిన్ను మెచ్చుకుంటున్నాడు.”